చెట్టెక్కిన మోకాలికే కుట్లు

మా జిల్లాలో మోకాలు బాగున్నవాడికే మోకాలి ఆపరేషన్ మంజూరవుతుంది. బయటినుంచి వచ్చినవాళ్ళు విని నవ్వుతారు. మేము నవ్వడం మానేసి చాలా రోజులైంది. కాగితాల ప్రకారం చూస్తే అందులో తప్పేమీ లేదు.

మాది గీత పని. తాటిచెట్లెక్కి కల్లు దించుతాం. మా బావ ఉప్పలయ్య, అంటే మా అక్క కొమురమ్మ భర్త, ఊళ్ళో అందరికంటే నెమ్మదిగా చెట్టెక్కే మనిషి. నెమ్మదిగా ఎక్కేవాడు పడడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ పడలేదు. ఆ రోజు కూడా పడలేదు. చెట్టు దిగి నేల మీద నిలబడ్డాక, పాదాలకు వేసుకునే తాడు ఇంకా తీయకముందే, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగాడు. పాదాలు అక్కడే ఉన్నాయి, మనిషి తిరిగాడు. మోకాలి లోపల తడిగుడ్డ చినిగినట్టు చప్పుడైందని తరువాత చెప్పాడు. పిలిచింది నేనే. కల్లు లొట్టి మూత ఎక్కడుందని అడగడానికి పిలిచాను.

వారం రోజులు పసుపు, సున్నం పట్టించాం. వాపు తగ్గింది గాని కాలు మాట వినలేదు. నడుస్తూ నడుస్తూ మధ్యలో వంగినకాడ వంగినట్టే బిగుసుకుపోయేది. అప్పుడు బావ గోడ పట్టుకుని, కాలును అటూ ఇటూ ఆడించి, తలుపు గొళ్ళెం తీసినట్టు దాన్ని విడిపించుకునేవాడు. ఎనిమిదోనాడు జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాను.

ఎముకల డాక్టరు ఫర్హానా. చిన్న వయసు, గట్టి చేతులు. బావ కాలు పట్టుకుని మెల్లగా వంచింది, తిప్పింది. ఒక చోట ఆగింది. బలవంతం చేయలేదు. పెద్ద మిషన్లో ఫొటో తీయించి, ఆ నల్ల ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించింది.

"తొడ ఎముకకు, కింది ఎముకకు నడుమ రెండు మెత్తటి దిండ్లుంటయి ఉప్పలయ్యగారూ. చంద్రవంక లెక్క. ఇగో, ఈ లోపలి దిండు అంచు చినిగింది. చినిగిన ముక్క బకెట్టు పిడి లెక్క లేచి కీలు నడుమ ఇరుక్కుంటున్నది. అందుకే కాలుకు తాళం పడుతున్నది."

"మందులకు తగ్గదా అమ్మా?" అన్నాడు బావ.

"అంగి చినిగితే మందు రాస్తరా? కుట్టాలె."

బావకు ఆ మాట నచ్చింది. కుట్టే వస్తువు ఇంకా పనికొచ్చే వస్తువే కదా.

"రెండే చిన్న రంధ్రాలు. ఒక దాంట్లకెల్లి కెమెరా, ఇంకోదాంట్లకెల్లి సూది. మీ అదృష్టం, అంచుకు చినిగింది. అక్కడ రక్తం ఆడుతుంది, కుడితే అతుకుతది. అయిదారు నెలలు ఓపిక పడితే మళ్ళ చెట్టెక్కొచ్చు."

"ఆలస్యమైతే?" అని నేనడిగాను.

"నలిగి నలిగి పీచయితది. పీచును నేను కుట్టలేను. కోసి తీసెయ్యాలె. తీసేస్తే నడుస్తరు. చెట్టు సంగతి మాత్రం నన్ను అడగొద్దు. రెండు నెలల లోపల తీసుకరండి."

రెండు నెలల్లో ఒక వారం అప్పటికే పోయింది.

మా గీత సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. జబ్బు పడ్డవాడి చెట్లను అతని మనిషి కొన్ని నెలలు గీసిపెట్టవచ్చు. కాని ఇక ఎప్పటికీ ఎక్కలేడని తేలినవాడి చెట్లు మిగతావాళ్ళకు పంచేస్తారు. బావవి ముప్పై రెండు చెట్లు. అందులో పద్దెనిమిది వాళ్ళ నాయన గీసినవి. ఒక్కొక్కదానికి పేరుంది. ఆ పేర్లు బావ ఎవరికీ చెప్పడు, అక్కకు తప్ప. బయట చేయించుకునే తాహతు మాకు లేదు. ఉన్న దారల్లా సర్కారు పెట్టిన "మోకాలి భరోసా" పథకం. గీత కార్మికుల మోకాళ్ళ కోసమే పెట్టింది.

మోకాలి భరోసా విభాగం ఆసుపత్రిలో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. బావను నేను వీపు మీద మోసుకెళ్ళాను. గుమస్తా సుగుణాకర్ మమ్మల్ని చూసి, "నడవలేడా?" అని అడిగి, ఫారంలో ఏదో రాసుకున్నాడు. అది మంచికే రాశాడనుకున్నాం.

"అన్నీ ఉన్నయి. ఒక్కటి తక్కువున్నది," అన్నాడు సుగుణాకర్. "చెట్టెక్కిన సర్టిఫికెట్."

"అంటే?"

"పథకం గీత పని చేసేటోళ్ళకే. పోయినేడు చెట్టు మొఖం చూడనోళ్ళంత వచ్చి ఆపరేషన్లు చేయించుకపోయిన్రు. అందుకని ఇప్పుడు కమిటీ ముందట చెట్టెక్కి చూపియ్యాలె."

బావ అందుకున్నాడు. "చెట్టెక్కనొస్తె నీ దగ్గరికెందుకొస్తనయ్యా?"

"అందరు గదే మాటంటున్నరు. అందరు ఒక్కటే మాట అంటున్నరంటేనే మాకు అనుమానం."

పరీక్ష మూడో వారంలో పడింది. కమిటీకి ఊళ్ళు తిరగడానికి జీపు లేదు. అందుకని చెట్టే కమిటీ దగ్గరికి వచ్చింది. ఆసుపత్రి వెనుక ఖాళీ జాగాలో ఒక సిమెంటు కరెంటు స్తంభం పాతి, నల్లరంగు వేసి, గరుకు కోసం కొబ్బరి తాడు చుట్టి, పైన ఆకుపచ్చ రేకులు బిగించారు. మొదలు దగ్గర శిలాఫలకం. దాని మీద "ప్రామాణిక తాటిచెట్టు" అని చెక్కించి ఉంది. కమిటీ అధ్యక్షుడు పద్మనాభం గారు రిబ్బను కత్తిరించారు. ఆయన చెట్లను కింది నుంచి మాత్రమే చూసిన మనిషి. పెద్ద కళ్ళద్దాలు, మెత్తటి గొంతు. ఆయనకు అటొకరు ఇటొకరు సభ్యులు. వాళ్ళు మాట్లాడరు.

"గీత కార్మికుడనగా ఎవరు?" అని ఆయన మమ్మల్నందరినీ అడిగారు. మేము చెప్పబోయేలోపు ఆయనే చెప్పారు. "చెట్టు ఎక్కువాడు. కొందరు ఎక్కనివాడు వేరు, ఎక్కలేనివాడు వేరు అని వాదించుచున్నారు. శాసనము దృష్టిలో అట్టి వ్యత్యాసము లేదు. ఎక్కువాడు, ఎక్కనివాడు. ఇరువురే."

బావ వంతు వచ్చింది. మోకు నడుముకు వేసుకుని స్తంభానికి మొక్కాడు. సిమెంటుకు ఎవరూ మొక్కరు. ఆయనకు అలవాటు. మొదటి ఎత్తు ఎక్కాడు. రెండో ఎత్తుకు కుడికాలు బిగుసుకుంది. అట్లాగే మోకు మీద వాలి, పళ్ళు కొరుకుతూ, స్తంభానికి అతుక్కుని ఉండిపోయాడు. నుదుటి మీద చెమట బొట్లు లెక్కపెట్టేటట్టు కనపడుతున్నాయి. నేనూ ఇంకో ఇద్దరమూ పోయి ఎత్తి దించాం.

పద్మనాభం గారు సుగుణాకర్‌కు చెప్పి రాయించారు. "సదరు అభ్యర్థి రెండడుగుల ఎత్తు వరకు ఎక్కి, తదుపరి వృత్తి పట్ల అనాసక్తి కనబరచినాడు."

అక్క ముందుకొచ్చింది. "నొప్పికి గిలగిల కొట్టుకుంటుండు. కండ్లు కనవడ్తలేవా సారూ?"

"కనబడుచున్నది తల్లీ. కాని ఈ ఫారములో నొప్పికి గడి లేదు."

బావ ఇంటి పట్టున ఉండిపోయాడు. నేను మాత్రం రోజూ మూడో అంతస్తు ఎక్కి దిగాను. అయిదో వారంలో సుగుణాకర్‌కే విసుగొచ్చి నిబంధనల పుస్తకం తిరగేశాడు. "ఇగో, ఏడు బి. స్వయంగ ఎక్కలేనోని తరఫున చుట్టం ఎక్కొచ్చు. నువ్వేమైతవు?"

"బామ్మర్దిని."

"అయితె ఎక్కు."

ఎక్కాను. ముప్పై అడుగులు. చెట్టయితే ఇంకా తొందరగా ఎక్కేవాణ్ణి. పైన రేకులు పట్టుకుని కిందికి చూస్తే కమిటీ వాళ్ళ బట్టతలలు మూడు వరసగా కనపడ్డాయి. దిగాక అందరూ చప్పట్లు కొట్టారు. పద్మనాభం గారు వంగి నా కుడి మోకాలును వేలితో తట్టి చూశారు. "ఇట్టి మోకాలు అపురూపము," అన్నారు.

ఏడో వారంలో మంజూరు పత్రం వచ్చింది. "ప్రత్యక్ష పరీక్షలో ఉత్తీర్ణమైన కుడి మోకాలికి శస్త్రచికిత్స మంజూరు చేయనైనది." పేరు చూశాను. మల్సూరు. నా పేరు.

మళ్ళీ మూడో అంతస్తు.

"తప్పు పడ్డది సారూ. చినిగింది మా బావకు."

"తప్పేం లేదు," అన్నాడు సుగుణాకర్. "ఎక్కిందెవరు? నువ్వు. ఎక్కిన మోకాలెవలిది? నీది. ఎక్కని మోకాలికి మంజూరు చేస్తే రేపు పైనుంచి అడిగినోళ్ళకు ఏం జెప్పాలె?"

"నాకొద్దు సారూ."

"అట్లనకు. మంజూరైన మోకాలును దాచిపెట్టినట్టయితది. పదకొండో నిబంధన. సంఘంల సభ్యత్వం పోతది."

నేనొక్కణ్ణే కాదు. జిల్లా మొత్తంలో నలభై ఒక్కమంది పరీక్షకు పోతే ఇరవై ఆరుగురు ఎక్కారు. ఎక్కినవాళ్ళంతా నాలాగా ఎవరి తరఫునో ఎక్కినవాళ్ళే. ఇరవై ఆరు మంచి మోకాళ్ళకు మంజూరు పత్రాలు వచ్చాయి. ఒకతను బస్సెక్కి అత్తగారి ఊరికి పారిపోతే, అతని మోకాలు పరారీలో ఉన్నట్టు సంఘం నోటీసు పలకకు కాగితం అంటించారు.

పత్రం తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె నా మోకాలును నాలుగు విధాల తిప్పింది. పత్రం బల్ల మీద పెట్టింది.

"దీనికి నేను కత్తి పెట్టను," అంది.

మరునాడు పద్మనాభం గారే కిందికి దిగివచ్చారు. మేము గదిలో మూలకు నిలబడి ఉన్నాం. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"డాక్టరు గారూ, ఈ సంవత్సరపు లక్ష్యము వంద మోకాళ్ళు. ఇప్పటికి అయినవి సున్న. ఇరవై ఆరు అర్హమైన మోకాళ్ళు గుమ్మము ముందు నిలిచియున్నవి."

"వాటిలో ఒక్కటి కూడా చినగలేదు సార్."

"చిరుగు లేదను కారణముతో చికిత్స నిరాకరించరాదు. చిరుగు కనుగొనుట వైద్యుని బాధ్యత. రోగి తన వంతుగా చెట్టెక్కినాడు. తమరు తమ వంతు చేయవలెను."

"లేని చిరుగు ఎక్కడ వెతకమంటరు?"

"లోపల." ఆయన లేచారు. "అందుకే గదా కెమెరా ఇచ్చినది."

ఆయన వెళ్ళాక డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. కిటికీలోంచి ప్రామాణిక తాటిచెట్టు కనపడుతుంది. గాలికి రేకులు టపటప కొట్టుకుంటున్నాయి. ఆమె ఇటు తిరిగి, బావ కాలు వైపు చూసి, నా వైపు చూసింది.

"సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్ గదిలకు ఒక మల్సూరు రావాలె. చినిగిన మోకాలుతోని రావాలె. అంతకంటే ఎక్కువ నేను అడగ."

ఆపరేషన్‌కు ముందు మనిషిని సరిచూసే వేలిముద్ర మిషన్ సంగతి ఏమిటని అడిగాను. పక్కనున్న నర్సు నవ్వింది. మోకు పట్టి పట్టి గీతపని వాళ్ళ వేళ్ళ మీద గీతలు మిగలవు. మిషన్ మా ఎవరినీ గుర్తుపట్టదు. మాకోసం ఆ గడి ఎప్పుడో కొట్టేశారు.

సోమవారం నాడు బావ మల్సూరై లోపలికి పోయాడు. నేను ఎవరినీ కాకుండా వరండాలో కూర్చున్నాను. రెండు గంటలు. నర్సు బయటికొచ్చి, "మల్సూరు భార్య ఎవరమ్మా?" అని పిలిచింది. అక్క నా మొహం చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెయ్యెత్తింది.

"నాలుగు కుట్లు పడ్డయి. బాగ కూర్చున్నయి. ఇంకో పది రోజులు ఆగితే కుట్టేందుకేం మిగలకపోవు," అంది డాక్టరమ్మ, చేతులు తుడుచుకుంటూ.



పదో రోజున పద్మనాభం గారు మా ఊరికి వచ్చారు. అప్పటికి జీపు దొరికింది. పథకం కింద ఈ ఏడు మొదటి ఆపరేషన్ నాదేనట. ఫొటోగ్రాఫరును కూడా వెంట తెచ్చారు. బావ వాకిట్లో మంచం మీద, కాలుకు పట్టీ, పక్కన రెండు చంక కర్రలు. నేను కొట్టం దగ్గర మోకుకు నూనె రాస్తున్నాను.

"మల్సూరూ, నడవగలుగుచున్నావా?"

"నడుస్తున్న సారూ."

"చెట్టు?"

ఎక్కనంటే ఆపరేషన్ తప్పినట్టు. డాక్టరమ్మ మీదికి పోతుంది. పోయి పక్కనున్న చెట్టెక్కాను. దిగాను. పద్మనాభం గారి కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, నేను చూశాను. ఆయన వంగి నా మోకాలు పరిశీలించారు.

"మచ్చ కూడ లేదు!" అన్నారు సభ్యులతో. సభ్యులు వంగి చూశారు. "పది దినములు. మచ్చ లేదు. రాసుకొనుడు: మచ్చరహిత శస్త్రచికిత్స. ఇకమీదట జిల్లాలో మచ్చ పడినచో సంబంధిత వైద్యుని సంజాయిషీ కోరవలెను."

అప్పుడాయన చూపు మంచం మీదికి పోయింది. "ఈయన ఎవరు?"

"మా బావ సారూ. ఎక్కలేకపోయిండని మీరు తీసేసిన మనిషి."

"ఆఁ, అనాసక్తి." ఆయన బావ పట్టీని, కర్రలను, పట్టీ పక్కన కనపడుతున్న దూది ముక్కను జాలిగా చూశారు. "చూచితిరా. పథకమునకు అర్హత లేక, బయట ఎవరి చేతనో కోయించుకున్నట్లున్నాడు. ఈ గతి పట్టినది."

బావ ఏదో అనబోయాడు. అక్క గ్లాసెడు మజ్జిగ తెచ్చి ఆయన నోటికి అందించింది.

నెల తిరక్కముందే ప్రతి సర్కారు దవాఖానా గోడ మీదా బొమ్మ పడింది. ఒక పక్క చెట్టు మీద నేను: "పథకముతో." ఇంకో పక్క మంచం మీద బావ: "పథకము లేకుండ." కాలు చూపించుకోవడానికి దవాఖానాకు పోయినప్పుడల్లా బావ ఆ బొమ్మ కిందనే కూర్చునేవాడు. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు బొమ్మను చూసి, మనిషిని చూసి, అయ్యో అని జరిగి చోటిచ్చేవాళ్ళు. "నా మొఖం మంచిగ వడ్డది గదా బామ్మర్దీ," అనేవాడు.

ఆ నెలలన్నీ నేను యాభై తొమ్మిది చెట్లు గీశాను. నావి, ఆయనవి. అయిదో నెలలో డాక్టరమ్మ కాలును వంచి చూసి, గొంతుకూర్చోమంది. కూర్చున్నాడు. లేవమంది. లేచాడు. ఆరో నెల మొదటి వారంలో మోకు వేసుకుని, నాయన గీసిన చెట్లలో పొట్టిదాన్ని పట్టుకున్నాడు. నేను కింద నిలబడ్డాను. పిలవలేదు. ఆయన నెమ్మదిగా ఎక్కి, నెమ్మదిగా దిగి, పాదాల తాడు తీసి పక్కన పెట్టి, అప్పుడు తిరిగాడు.

"నొస్తుందా బావా?"

"లేదుర."

పంపకానికి సిద్ధమైన సంఘం ఆ పూటే ఊరుకుంది. ముప్పై రెండు చెట్లూ నిలిచాయి. కాని ఎక్కనివాడని రికార్డులో ఉన్న మనిషి ఎక్కుతున్నాడని పైకి తెలిసింది. రికార్డు దిద్దాలన్నారు. దిద్దాలంటే ఒకటే మార్గం. బావ పోయి ప్రామాణిక తాటిచెట్టు ఎక్కాడు, చివరి రేకు దాకా. సుగుణాకర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పద్మనాభం గారు, "ఆసక్తి కలిగినది," అని రాయించారు.

పదిహేను రోజులకు కాగితం వచ్చింది. బావ చదవమంటే నేను చదివాను. "ప్రత్యక్ష పరీక్షలో ఉత్తీర్ణుడైనందున ఉప్పలయ్య కుడి మోకాలికి శస్త్రచికిత్స మంజూరు చేయనైనది. సోమవారము హాజరు కావలెను. గైర్హాజరైనచో పదకొండో నిబంధన."

అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "కుట్లు విప్పి మళ్ళ కుడతరా ఏంది?"

"రాసి లేదు," అన్నాను.

సాయంత్రం మల్లంపల్లి దిక్కు నుంచి ఒకతను వచ్చాడు, కొడుకు సైకిలు వెనుక కూర్చుని. సోమనర్సయ్య అని పేరు చెప్పాడు. ఎడమకాలు చాచిపెట్టి గాని కూర్చోలేకపోయాడు. ఆయన కూడా కమిటీ పరీక్ష తప్పాడు. మాకు కాగితం వచ్చిందని ఎట్లా తెలిసిందో చెప్పలేదు, మేమూ అడగలేదు. ఈ మధ్య జిల్లాలో కాగితం వచ్చినవాడి ఇంటికి, కాలు చినిగినవాడు ఆ సాయంత్రానికల్లా చేరుకుంటున్నాడు. నాది పోగా మిగిలిన ఇరవై అయిదు కాగితాలూ అట్లాగే చెల్లాయి.

బావ కాగితాన్ని మడిచి ఆయన చేతిలో పెట్టాడు. "ఉప్పలయ్య అని పిలిస్తె పలుకు. నెమ్మదిగ పలుకు, నేను నెమ్మదస్తుణ్ణి."

సోమవారం నేనే వెంట పోయి ఆపరేషన్ గది గుమ్మంలో నిలబడ్డాను. సోమనర్సయ్య బల్ల మీద పడుకున్నాడు. కాగితంలో కుడి మోకాలు అని అచ్చేసి ఉంది. నర్సు పేరు చదివింది. డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుంటూ నా వంక ఒకసారి చూసి, కాగితం తీసి బోర్లించింది.

తరువాత అతని మీదికి వంగి, "ఏ కాలు నాయనా?" అని అడిగింది.